15కి 12, 40కి 36

కెన్ లోచ్ సినిమా ‘ఐ, డేనియల్ బ్లేక్’ (2016) నల్లటి తెర మీద మొదలవుతుంది. మనుషులు కనబడరు, గొంతులే. చెయ్యి తల దాకా ఎత్తగలరా, 50 మీటర్లు నడవగలరా అని ఒకావిడ అడుగుతూ పోతుంది. జవాబు చెప్పేది న్యూకాజిల్ వడ్రంగి డేనియల్. 59 ఏళ్లు, పనిలో ఉండగా గుండెపోటు వచ్చింది. కాళ్లూ చేతులూ బానే ఉన్నాయి, గుండె సంగతి అడగమంటాడు. ఆవిడ దగ్గరున్న కాయితంలో ఆ ప్రశ్న లేదు. భృతికి 15 పాయింట్లు కావాలి, 12 వచ్చాయి.

పోయినేడు మా మేనమామను వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి తీసుకెళ్లాను. ఆయనా వడ్రంగే. రంపం మిషను మీద తెగిన కుడి మణికట్టు పట్టేసింది, రెండు వేళ్లు ముడవవు. డాక్టరు కొలబద్దలాంటిది మణికట్టుకి ఆనించి వంచమన్నాడు, తిప్పమన్నాడు, అంకెలు చెప్పాడు. పక్కనున్న కుర్రాడు కంప్యూటర్లో కొట్టాడు. ప్రశ్నల్లేవు. వరండాలో అందరి నోటా ఒకటే మాట: ‘‘ఎంత వేశారు?’’ కొన్నాళ్లకి వచ్చిన కాయితంలో మామయ్యకి 36 శాతం. పింఛనుకి 40 ఉండాలి.

బ్రిటన్ వాళ్లు ఏం చేయగలవో లెక్కేస్తారు, మనవాళ్లు ఒంట్లో ఎంత పోయిందో లెక్కేస్తారు. డేనియల్ ఇక్కడ పుట్టుంటే క్యాంపు గడప కూడా తొక్కేవాడు కాదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలను 21 చేసింది గానీ వాటిలో గుండెజబ్బు లేదు. మామయ్య అక్కడ పుట్టినా తప్పేవాడే. అర లీటరు డబ్బా ఎత్తగలవా అన్నది అక్కడి కొలతల్లో ఒకటి, ఎడంచేత్తో ఎత్తేస్తాడు. ఉలి పట్టగలవా అని ఎక్కడా అడగరు. మన మార్గదర్శకాల్లో వాటం చేతికి 4 శాతం కలిపే వీలుంది. పనితనానికి దక్కిన విలువ అదొక్కటే.

ఒక్క విషయంలో మన పద్ధతే నయం. ఆంధ్రలో 2024 జులై నుంచి ఇస్తున్న 6,000 రూపాయల పింఛను కోసం ఎవరూ ఉద్యోగం వెతుకుతున్నట్టు నటించక్కర్లేదు. డేనియల్‌కి ఆ ఖర్మ పట్టింది. పని చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పిన మనిషి, పెన్సిలుతో రాసుకున్న బయోడేటా పట్టుకుని వారానికి 35 గంటలు పని వెతికినట్టు రుజువు చూపాలి.

అప్పీలు విచారణకి ముందు అతను బాత్రూంలో కుప్పకూలి చనిపోతాడు. లోచ్ అక్కడ మన క్లైమాక్సుల దారి పట్టాడనిపిస్తుంది నాకు. అంతకంటే గట్టి దృశ్యం కంప్యూటర్ ముందుది. మౌస్‌ని తెర మీదికి జరపమంటే, డేనియల్ దాన్ని చేత్తో ఎత్తి తెరకే ఆనిస్తాడు. హాల్లో నవ్వొస్తుంది. క్యాంపు స్లాట్ కోసం మీసేవకి వెళ్లినరోజు మామయ్య వేలిముద్ర నాలుగుసార్లు పెట్టినా పడలేదు. చిత్రిక పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయి. ‘‘తుడుచుకుని పెట్టు తాతా’’ అంది అక్కడి అమ్మాయి. ఆయన పంచెకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

కాయితం తీసుకుని బస్సులో వస్తూ ఆయనకీ సినిమా కథ చెప్పాను.

‘‘మరి అప్పీలు గెలిచాడా, అల్లుడూ?’’

విచారణ దాకా వెళ్లాడని చెప్పి, చిల్లర కోసం కండక్టరు వైపు తిరిగాను.