శ్రోతల వాదాలూ, విమర్శకుల మౌనమూ

కొత్త కవితాసంపుటి ఒకటి వెలువడితే మన జిల్లాలో దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు పాతికమంది ఉంటారేమో. వారిలో సగం మంది కవిగారి మిత్రులే. కొత్త సినిమా పాటలు విడుదలైతే మాత్రం ఆ సాయంత్రానికల్లా బందరు కోనేరు సెంటరులోనూ, గుడివాడ టీకొట్ల దగ్గరా, అవనిగడ్డ పోయే బస్సులోనూ తీర్పులు వెలువడిపోతాయి. ఏ పాట నిలుస్తుంది? ఏది వారం తిరక్కుండా పోతుంది? సంగీతదర్శకుడు తన పాత బాణీనే తిప్పి వాడాడా? గాయకుడికి తెలుగు అక్షరం నోరు తిరిగిందా? సాహిత్యవిమర్శ వేసుకోవలసిన ప్రశ్నలకు ఇవి దూరమైనవి కావు. అయినా ఈ వాదాలను మనం పెద్దగా పట్టించుకోలేదు. "సినిమాపాట వ్యాపార సరుకు" అని ఒక్కమాటతో తోసిపుచ్చాం. పాట సరుకే కావచ్చు. దాని మంచిచెడ్డలు తర్కించుకునే మనుషులు సరుకులు కారు గదా!

పైగా మనవాళ్ళే ఆ పాటలు రాశారన్న సంగతి కూడా మరిచాం. శ్రీశ్రీ, ఆరుద్ర, అనిసెట్టి సినిమాకు రాశారు. 'అల్లూరి సీతారామరాజు' (1974) లోని పాటకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వస్తే గర్వించాం. అదే శ్రీశ్రీ డబ్బింగు చిత్రాలకు రాసిన పాటలను కూర్చోబెట్టి పరిశీలించిన వ్యాసాలు మనలో ఎందరం రాశాం?

శ్రోతల వాదాల స్వభావం తెలియాలంటే గుడివాడ ప్రాంతాన్ని మించిన చోటు లేదు. ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టిన చౌటపల్లి, నందమూరి తారక రామారావు 1923లో పుట్టిన నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం — మూడూ ఈ చుట్టుపక్కల పల్లెలే. మా నాన్నగారి తరం వాళ్ళు రామారావు పాటలు గొప్పవా, నాగేశ్వరరావు పాటలు గొప్పవా అని పొలం గట్ల మీద మాటామాటా అనుకున్నారు. కొన్ని ఇళ్ళమధ్య రాకపోకలు కూడా కొన్నాళ్ళు ఆగాయట. విచిత్రమేమంటే ఇరుపక్షాలవారూ తమదని చాటుకున్న ఆ గొంతు ఒక్కరిదే. 'గుండమ్మ కథ' (1962) చూడండి. ఇద్దరు కథానాయకులూ అందులోనే ఉన్నారు. ఇద్దరికీ పాడింది ఘంటసాల, బాణీలు ఘంటసాలవి, మాటలు బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావువి. అంటే ఆ తగవులో పాటకు సంబంధించిన భేదం చాలా స్వల్పం. తెరమీద పెదవి కదిపిన మనిషి ఎవరన్నదే అసలు భేదం. ఆ మనిషి అభిమాన సంఘం బోర్డు వెనక కులం నిలబడి ఉంటుందని కృష్ణాజిల్లాలో బడిపిల్లవాడికి కూడా తెలుసు.

అదే చిత్రంలో మహిళాలోకం మేలుకున్నదని రామారావు పాడే పాట ఉంది. నాకు తెలిసిన పెద్దలందరూ దాన్ని హుషారైన పాటగానే తలచుకుంటారు. ఆ పాటలో ఏం చెప్పారో ఒక్కసారి విడదీసి చూద్దాం. ఆడవాళ్ళు పల్లెల్లో పంచాయతీలకు వచ్చారు, పట్నాల్లో ఉద్యోగాలకు వచ్చారు, దాంతో నిరుద్యోగం పెరిగింది. చట్టసభల సీట్లకు భర్తలతోనే పోటీపడ్డారు, ఢిల్లీలో ఉపన్యాసాలు దంచారు, విడాకుల చట్టం తెచ్చారు. ఇదీ వరస. హిందూ వివాహచట్టం 1955లో వచ్చింది. అప్పటికి ఏడేళ్ళు. ఆ చట్టం మీద ఇళ్ళల్లో, అరుగుల మీద మగవాళ్ళు పడుతున్న ఉలికిపాటును పింగళి నవ్వుగా మార్చి వాళ్ళకే తిరిగి ఇచ్చాడు. నిరుద్యోగానికి కారణం ఆర్థిక వ్యవస్థలో కాక ఆడదాని ఉద్యోగంలో ఉన్నదని చెప్పటం చిన్న సంగతి కాదు. మన సంఘాలు వేదికలెక్కి ఖండించవలసిన భావమే అది. పాటలో వచ్చింది కనక అందరం కూనిరాగం తీశాం.

ఐతే పాటను అక్కడితో వదిలిపెడితే అన్యాయమవుతుంది. సన్నివేశంలో రామారావు పొత్రం తిప్పుతూ పిండి రుబ్బుతున్నాడు. అతను శ్రీమంతుడి కొడుకు, పనివాడి వేషంలో ఆ ఇంటికి వచ్చాడు. ఎదుట ఉన్న సావిత్రి పాత్ర సవతితల్లి చేతిలో సొంత ఇంట్లోనే పనిమనిషిగా బతుకుతున్న పిల్ల. మేలుకున్న మహిళల గురించి అతను పాడుతున్నది, ఏ చట్టసభ ఊసూ తెలియని, రోలు వదలని ఆడపిల్ల ఎదుట. అతనికి రుబ్బటం ఒక వేషం, వేషం తీసేసిన రోజున పొత్రం కూడా వదిలేస్తాడు. ఆమెకు అది నిత్యకృత్యం. మాట ఒకటి చెబుతుంటే సన్నివేశం దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. పింగళి ఇది తెలిసే చేశాడా, కథ అలా కుదిరిందా అన్నది వాదించుకోదగిన విషయం. ఆ వాదం మాత్రం జరగలేదు. రామారావు రుబ్బుడు బాగుందా, నాగేశ్వరరావు యుగళగీతం బాగుందా అన్నదే జరిగింది.

మాటను దాటేసి గొంతును పట్టుకునే ఈ అలవాటు సినిమాతో మొదలైంది కాదు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి పాఠాలు చెప్పిన బందరు ఇది. తిరుపతి వేంకట కవుల పద్యం రంగస్థలం ఎక్కి రాగం సాగదీసే సరికి 'వన్స్ మోర్' అన్న శ్రోతకు పద్యార్థం కంటికి ఆననంత దూరం పోయింది. అక్షరం రాని రైతు కూడా ఏ నటుడు ఏ రాగం ఎంతసేపు నిలిపాడో చెప్పగలిగాడు. ఆ చెవిని నేను తక్కువచేయటం లేదు. అది నేర్పు. దురదృష్టమేమంటే ఆ నేర్పుకు మనం అర్థవిచారాన్ని జోడించలేకపోయాం.

సినిమాతో పనిలేని రికార్డుల విషయంలో కూడా ఇదే జరిగింది. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో ఊరూరా మోగింది. పద్యాలకు కరుణ ఘంటసాల ఇచ్చాడా, కరుణశ్రీలోనే ఉన్నదా అన్న తగవు నా చిన్నప్పటి ఉపాధ్యాయుల గదిలో కూడా విన్నాను. అది మంచి తగవు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశాక శ్రోతల చేతికి వచ్చిన 'భగవద్గీత' రికార్డు కథ వేరు. ఏడు వందల శ్లోకాల నుంచి నూరు చిల్లర శ్లోకాలు ఏరి, తెలుగు తాత్పర్యంతో చెప్పిన రికార్డు అది. ఏవి తీసుకున్నారు, ఏవి వదిలారు? కర్మను గురించిన శ్లోకాలు ఉండి వర్ణాన్ని గురించినవి ఎంత చోటు పొందాయి? ఈ ఎంపికను ఒక సంపాదకుడి పనిగా ఎవరం చూడలేదు. ఈలోగా జనం తమ తీర్పు తాము ఇచ్చేశారు. డెల్టా పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో మైకుసెట్టు వాడు మొదట పెట్టేది అదే. ఏ వీధిలోనుంచి ఆ గొంతు వినపడ్డా, "ఎవరు పోయారు?" అని అడుగుతారు. కూలబడిన మనిషిని లేచి యుద్ధం చెయ్యమని చెప్పిన గ్రంథం ఇక లేవలేని మనిషి పక్కన మోగుతోంది. ఒక కళారూపానికి దాని శ్రోతలు ఇంత పెద్ద అర్థభేదం కల్పించిన ఉదాహరణ తెలుగులో మరొకటి నాకు కనపడదు. దీని మీద ఒక పరిశోధన విద్యార్థి పూనుకుంటే బాగుండును.

నేను బందరులో డిగ్రీ చదివే రోజులు క్యాసెట్ల కాలం. అసలు క్యాసెట్టు కొనే స్తోమత అందరికీ లేదు. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొని, పాటల చీటీ రాసి రికార్డింగు షాపులో ఇచ్చేవాళ్ళం. ఒక్కోవైపు ఆరో ఏడో పడతాయి. ఏ పాట పక్కన ఏది ఉండాలి, ఇళయరాజాకు ఎన్ని, కీరవాణికి ఎన్ని, రెహమాన్‌కు చోటివ్వాలా అని హాస్టలు గదిలో అర్ధరాత్రి దాకా తగువులాట. కొట్టివేతలతో నిండిన ఆ చీటీయే నా మొదటి విమర్శవ్యాసం అని ఇప్పుడు అనిపిస్తుంది. క్యాసెట్టు ఒకటే, వినేవాళ్ళం పదిమందిమి. కాబట్టి ప్రతి పాటకూ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది.

మాట మీద నిజమైన వాదం నేను మొట్టమొదట విన్నది కూడా ఆ గదిలోనే, అదీ డబ్బింగు పాటల గురించి. 'రోజా' (1992), 'ప్రేమికుడు' (1994) పాటలకు తెలుగు మాటలు రాసింది రాజశ్రీ. కోడూరు నుంచి వచ్చిన మిత్రుడొకడు అక్షరాలు వేళ్ళమీద లెక్కబెట్టి, ఇక్కడ మాట బాణీలో కుదరక ఇరుక్కుంది, ఇక్కడ పెదవి మూసుకోవటం కోసం అర్థాన్ని బలిపెట్టారు అని చూపించేవాడు. అతుకు కనపడిన చోట శ్రోత కుట్టుపని వైపు చూస్తాడు. నేరుగా తెలుగులో పుట్టిన పాటకు ఆ పరీక్ష మేం పెట్టలేదు, అతుకు కనపడదు కనక. రాజశ్రీ మీద మా తీర్పులు కఠినంగా ఉండేవి. పరాయి బాణీకి, పరాయి పెదవికి ఒకేసారి లొంగుతూ రాయటం ఎంత కష్టమో మాకు తెలియదు.

ఇప్పుడు పాట అందరి చేతిలోనూ ఉంది. పంచుకోవటం అంటే ఒక వేలితో పంపటం. అది మంచిదే, పేదపిల్లవాడికి పాట దొరుకుతోంది. ఐతే వాదం స్వరూపం మారింది. నా తరగతి పిల్లలను ఈ పాట ఎందుకు బాగుందిరా అని అడిగితే, ఇరవైనాలుగు గంటల్లో యూట్యూబులో ఎందరు చూశారో చెబుతారు. అవతలి హీరో అభిమాని ఇంకో అంకె చెబుతాడు. పెద్ద అంకె గెలుస్తుంది. మా నాన్నగారి తరం కనీసం గొంతు గురించి కొట్లాడుకుంది, మేం బాణీ గురించి కొట్లాడుకున్నాం. ఈ పిల్లల చేతికి కంపెనీ తన అమ్మకపు లెక్కను అందించి, దాన్నే అభిరుచి అనుకొమ్మంటోంది. పిల్లలను తిట్టి లాభం లేదు. పాట గురించి మాట్లాడటానికి వేరే మాటలు వాళ్ళకు ఎవరు నేర్పారు? తెలుగు వాచకంలో పద్యానికి ప్రతిపదార్థం అడుగుతాం, వాళ్ళ నోట రోజంతా ఆడే పాటకు అడగం.

దివిసీమలో నేను పాఠం చెప్పే బడిలో ఒక ప్రయత్నం చేశాను. 'పుష్ప' (2021) చిత్రంలో చంద్రబోస్ రాయగా ఇంద్రావతి చౌహాన్ పాడిన పాట పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆడది ఏ బట్ట కట్టినా, ఏ రంగులో ఉన్నా మగవాడి చూపు ఒక్కటే అని నిలదీసే పాట అది. నిలదీత మాటల్లో ఉంది, తెర మాత్రం ఆ చూపుకే విందు చేస్తుంది. దానిపక్కన 1962 నాటి గుండమ్మ కథ పాటను పెట్టి, రెండింటినీ ఫోనులో వినిపించి, రెండింటిలోనూ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎవరు నవ్వాలని అని అడిగాను. మొదటి పీరియడు అంతా పాత పాట 'స్లో'గా ఉందన్న ఫిర్యాదుతోనే పోయింది.

రెండో రోజు ఒక అమ్మాయి లేచింది. పంచాయతీల్లోకి ఆడవాళ్ళు వచ్చారని పాత పాటలో ఎగతాళిగా అన్నారు గాని, "మా ఊరి సర్పంచి ఆడమనిషే సార్, ఆఫీసులో కుర్చీలో కూర్చునేది మాత్రం వాళ్ళాయన" అంది. 73వ రాజ్యాంగ సవరణ (1992) స్త్రీలకు మూడోవంతు స్థానాలు ఇచ్చింది, తర్వాత మన రాష్ట్రంలో అవి సగమయ్యాయి. పింగళి భయపెట్టిన లోకం కాగితం మీద వచ్చేసింది. మగపిల్లలు కొందరు ఒప్పుకోలేదు, అది ఎగతాళి కాదు, బాణీ అంత సంతోషంగా ఉంటే తిట్టినట్టు ఎట్లా అవుతుందన్నారు. మంచి అభ్యంతరమే. పుష్ప పాట దగ్గరికి వచ్చేసరికి పక్షాలు తారుమారయ్యాయి. ఆడపిల్లల్లో సగంమంది అది తమ పాట అన్నారు, మిగతావాళ్ళు పెళ్ళి ఊరేగింపులో ఆ పాట పెట్టినప్పుడు తాము లోపలికి వెళ్ళిపోతామన్నారు. రెండోది వ్యాసంగా రాసుకురమ్మన్నాను. పదకొండు మంది రాశారు. ఒక్కరూ ఎందరు చూశారో రాయలేదు. పాత పాట వెక్కిరింపేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను, తరగతిలో ఎక్కువమంది ఇంకా నాతో ఏకీభవించలేదు.