కూరగాయల కొలతయు, నాలుక తీర్పును

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024వ సంవత్సరము మే నెలలో భారతీయుల కొరకు ఆహార మార్గదర్శక సూత్రములను సవరించి ప్రకటించినది. సూత్రములు మొత్తము పదునేడు. వానిలో ఒకటి కూరగాయలను సమృద్ధిగా తినవలెనని చెప్పుచున్నది. రోజుకు 2000 కెలోరీల ఆహారము తీసుకొనువారికి ఒక నమూనా కంచమును గూడ చూపిరి. ఆ కంచములో ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. ఇవి వండకముందు తూచిన బరువులు. అనగా ఆ కంచములో అన్నిటికంటె బరువైనది కూరగాయలే గాని బియ్యము కాదు.

ఈ ఒక్క అంకె మన ఇంటి అలవాటునకు ఎంత ఎదురీదుచున్నదో చూడుడు. మన భోజనములో అన్నము రాశి. కూర ఆ రాశిలో కలుపుకొనునది. "అన్నము తిన్నావా?" అని అడుగుదుము గాని "కూర తిన్నావా?" అని ఎవరును అడుగరు.

ఆ సంస్థ మాటను తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై రాబర్టు మెక్కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన పని అది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. కందిపప్పులో మాంసకృత్తులెన్ని, మునగాకులో కాల్షియమెంత అను లెక్కలు మన పాఠ్యపుస్తకములకు చేరినది చాలవరకు ఈ సంస్థ పట్టికల నుండియే. పీచు, కెరోటిను, ఫోలిక్ ఆమ్లము, విటమిను సి, పొటాషియము, ఇన్నియు కొద్ది కెలోరీలతో దొరకు చోటు కూరగాయలే. మధుమేహము, రక్తపుపోటు పల్లెలకు గూడ ప్రాకిన ఈ రోజులలో 400 గ్రాముల సలహా సరియైనదే.

అయినను విమర్శకు చోటున్నది. ఎంత తినవలెను, ఎందుకు తినవలెను అను రెండు ప్రశ్నలకు ఇట్టి పుస్తకములు విరివిగా సమాధానము చెప్పును. ఇష్టము లేనివాడు ఎట్లు తినవలెను అను మూడవ ప్రశ్నకు వానిలో దక్కు చోటు స్వల్పము. మన పాఠ్యపుస్తకములలోని ఆహార పాఠములును ఇంతే. "ఆకుకూరలలో ఇనుము కలదు, కావున తినుము" అని చెప్పి ముగించును. విద్యార్థి దానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. ఇంటికి పోయి తోటకూరను కంచము ప్రక్కకు నెట్టును. జ్ఞానము లోపించి ఆ పని చేసినాడని అనగలమా?

ఉపాధ్యాయులకు దీని అనుభవము ప్రతి మధ్యాహ్నము కలుగుచునే యుండును. మధ్యాహ్న భోజన పథకములో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 50 గ్రాములు, ఆరు నుండి ఎనిమిది తరగతుల వారికి 75 గ్రాములు కూరగాయలు వండవలెనని నియమము కలదు. ఆ 75 గ్రాములును తూచునది వంట గిన్నెలో పడకముందు. సాంబారులోని ముల్లంగి బిళ్ళలు, సొరకాయ ముక్కలు, వంకాయ తొక్కలు కంచము అంచున వరుసగా చేరి, చివరకు కుళాయి వద్దనున్న బుట్టలో పడినచో, ఆ నష్టము ఏ రిజిస్టరులోను ఎక్కదు. పుస్తకము లెక్క ప్రకారము ఆ బాలుడు 75 గ్రాములు తిన్నట్లే.

అయిష్టమును మొండితనముగా లెక్కించుట మన మొదటి తప్పు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్సు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను పొడిని సీసాలోనికి పోయుచుండగా కొంత గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న సహోద్యోగి నోరంతయు చేదైనదని చెప్పెను. ఫాక్సునకు ఏ రుచియు తెలియలేదు. ఇద్దరును పొడిని నాలుకపై వేసికొని చూచిరి. ఒకరికి విషమువలె చేదు, మరియొకరికి సుద్దవలె చప్పన. ఈ భేదము వంశపారంపర్యముగా వచ్చునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. దానికి ముఖ్య కారణమైన జన్యువును 2003లో గుర్తించిరి. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ ఒక్క కుటుంబమునకు చెందినవి. వానిలోని కొన్ని గంధక పదార్థములకు ఆ పొడితో రసాయనిక పోలిక యున్నది. కావున ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు విద్యార్థులకు ఒకే క్యాబేజీ కూర రెండు రుచులుగా తోచవచ్చును. "నాకు బాగుగనే యున్నది గదా, నీకేమి?" అని పెద్దలు గద్దించుట ఈ దృష్టితో చూచిన అర్థము లేని మాట.

అట్లని ఆ జన్యువు మీద భారము వేసి ఊరకుండుటయు తగదు. మన నాలుకపై చేదును పసిగట్టు గ్రాహకములు సుమారు 25 రకములు కలవు. కాకరకాయ చేదు వేరు, క్యాబేజీ చేదు వేరు. అంతకంటె ముఖ్యమైనది అలవాటు. లీయాన్ బర్చ్ అను అమెరికా పరిశోధకురాలు 1982లో ప్రకటించిన ప్రయోగములో రెండేండ్ల పిల్లలకు వారెరుగని ఆహారములను వేరువేరు పర్యాయములు రుచి చూపిరి. ఎన్ని ఎక్కువసార్లు రుచి చూచిరో అంత ఎక్కువ ఇష్టము కలిగినది. 2003లో లండనులో రెండు నుండి ఆరేండ్ల పిల్లలకు, వారికి నచ్చని ఒక కూరగాయను తల్లిదండ్రులు పదునాలుగు దినములు రోజుకొక ముక్క చొప్పున రుచి చూపగా, తినుటయు మెచ్చుటయు రెండును పెరిగినవి. మన ఇండ్లలో సాధారణముగా జరుగునదేమి? రెండు మూడు సార్లు వడ్డించి, పిల్లవాడు వద్దనగానే, "వీడు పొట్లకాయ తినడు" అని ఒక ముద్ర వేయుదుము. ఆ ముద్ర పెండ్లి అయిన తరువాత గూడ చెరగదు!

బలవంతము సంగతి మరింత గమనింపదగినది. బర్చ్, ఆమె సహచరులు 2006లో ప్రకటించిన ఇంకొక ప్రయోగములో చిన్నపిల్లలకు రెండు రకముల సూపులు ఇచ్చిరి; ఒకదానిని మాత్రము "ముగింపుము, ముగింపుము" అని తొందర పెట్టిరి. తొందర పెట్టినదానిని పిల్లలు తక్కువ తినిరి, దానిని గూర్చి చెడుగా మాటలాడిరి. "కంచము ఖాళీ చేసినగాని లేవరాదు" అను ఆజ్ఞ క్రమశిక్షణకు పనికివచ్చునేమో గాని సొరకాయ మీద ప్రీతికి పనికిరాదు. "కాకరకాయ తింటివేని లడ్డు పెట్టెదను" అను బేరమును అంతే. లడ్డు బహుమతి యనియు, కాకరకాయ జరిమానా యనియు పిల్లవాడు ఆ క్షణముననే గ్రహించును.

ఇక వంటయింటి మాట. సూత్రములు వ్రాయువారు ఎక్కువగా ఉపయోగించుకొనవలసిన శాస్త్రము ఇచ్చట నున్నదని నా అభిప్రాయము.

కాకరకాయ చక్రములకు ఉప్పు పట్టించి అరగంట ఉంచి పిండుట ప్రతి గృహిణికి తెలిసిన పని. ఉప్పు కణములలోని నీటిని వెలికి లాగును. ఆ నీటితోపాటు కొంత చేదు పోవును. ఇది మొదటి కారణము. రెండవది మరింత వింతయైనది. ఉప్పులోని సోడియము నాలుకపై చేదును అణచునని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థకు చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు 1997లో చూపిరి. చేదు అణగగా అందు మరుగుపడియున్న తీపి పైకి తేలును. తరువాత పులుసులో చింతపండు, బెల్లము చేరినప్పుడు కాకరకాయ చేదు శత్రువుగా గాక రుచులలో ఒకటిగా నిలుచును.

ఆకుకూర పప్పు ఇంకను చక్కని ఉదాహరణము. మెంతికూర ఒంటరిగా వండిన చేదు. కందిపప్పులో ఉడికిన అదే మెంతికూర కమ్మన. పప్పు చేదును పలుచబరచును; పోపులోని నూనె సువాసనలను పట్టి యుంచును. ఆ నూనె మరియొక మేలు చేయును: ఆకులోని కెరోటిను కొవ్వులో కరగునది గనుక కొద్ది నూనె లేనిదే ప్రేగులు దానిని సరిగా గ్రహింపలేవు. దించిన తరువాత నిమ్మకాయ పిండినచో ఆకులోని ఇనుము బాగుగా ఒంటపట్టును. చుక్కకూర, గోంగూర తమ పులుపు తామే తెచ్చుకొనును గనుక వానికి ఈ సిఫారసులు అక్కరలేదు. ఆకుకూరలంటే ముఖము చిట్లించువారు గూడ గోంగూర విషయమున రాజీపడుట అందరము చూచినదే.

బెండకాయ జిగట నచ్చనివారు కలరు. ముక్కలను తడిలేకుండ తుడిచి, మూతపెట్టక వేయించినను, చింతపండు పులుసులో ఉడికించినను జిగట తగ్గును. క్యాబేజీ సంగతి కేవలము గడియారమునకు సంబంధించినది. ఎంతసేపు ఉడికిన అంత గంధకపు వాసన పుట్టును. పెద్ద గుండిగెలలో గంటలకొలది ఉడికిన క్యాబేజీని తిని, ఆ కూరగాయనే జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకొన్నవారిని హాస్టళ్ళలో చదివిన వారిలో అడిగి చూడుడు. తప్పు క్యాబేజీది కాదు.

కూరగాయలను మెత్తగా రుబ్బి పిల్లలకు తెలియకుండ వంటకములో కలుపు పద్ధతి ఒకటి ఈ మధ్య ప్రచారములో నున్నది. 2011లో అమెరికాలో జరిపిన ప్రయోగములలో ఈ ఉపాయమున చిన్నపిల్లల కూరగాయల మోతాదు దాదాపు రెట్టింపైనది, కాదనుటకు లేదు. అయితే ఎరుగక తిన్నవాడు దేనికి అలవాటు పడుచున్నాడు? కంటికి కనబడని గుమ్మడికాయతో స్నేహమెట్లు కుదురును? మన పప్పుకూరలో ఆకు దాగదు. పచ్చగా కనబడుచునే యుండును. కలుపుట వేరు, దాచుట వేరు. ఒక పూట కొలత నిండుటకు దాచుట చాలును, పెద్దయైన పిమ్మట తానుగా కొని వండుకొనుటకు చాలదు.

మన వంటను ఇంతగా మెచ్చినందున దాని లోపములను దాచరాదు. రుచి తెచ్చు ఉపకరణములే హద్దు మీరినచో అపకారములు. పైన చెప్పిన నమూనా కంచములో నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు మాత్రమే. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. నూనెలో మునిగిన వంకాయ వేపుడు ఒక పూటలోనే ఆ హద్దును తాకగలదు. ఆవకాయను కూరగాయల పద్దున వ్రాసికొనుట ఆత్మవంచన. అది ఉప్పు పద్దు, నూనె పద్దు. ఇక కూరగాయలు గిట్టనివారందరును ఆశ్రయించు కోట బంగాళాదుంప. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు 400 గ్రాములు తినుమని చెప్పుచు, బంగాళాదుంపవంటి పిండి దుంపలను ఆ లెక్కలో చేర్చవద్దని స్పష్టముగా చెప్పినది. కావున ఆ కోటకు ద్వారము మూసియున్నట్లే.

మోతాదు విషయమున గూడ మన వంట కొరతలో నున్నది. నలుగురు పెద్దలున్న ఇంటికి తలకు 400 గ్రాముల చొప్పున రోజుకు 1 కిలో 600 గ్రాములు, నెలకు 48 కిలోల కూరగాయలు కావలెను. కూలి చేసికొను కుటుంబము సంచి పట్టుకొని సంతకు పోయి ఈ లెక్క వేసినచో గుండె గుభేలుమనును. ఇష్టాయిష్టముల చర్చ ధరవద్ద ఆగిపోవు ఇండ్లు చాల కలవు. అట్టివారికి పెరటి మునగచెట్టు, పందిరికి ప్రాకిన బచ్చలి, బీర, సొర తీగెలే నిజమైన సలహా. బీరకాయ లోపలి భాగము కూరకు, పొట్టు పచ్చడికి వాడు మన అలవాటు ఈ సందర్భమున ఎంతో విలువైనది.

కొనగలిగిన ఇండ్లలోనైనను 400 గ్రాములను ఒక్క భోజనములో ఎక్కింపజూచుట వ్యర్థము. మన ఉదయపు ఫలహారములో కూరగాయలకు ప్రవేశమే లేదు. ఇడ్లీ, దోసె, వేరుసెనగ చట్నీ. ఇందులో పేరుకొక పచ్చిమిరపకాయ. సొరకాయ చట్నీయో, టమాటా, దోసకాయ పచ్చడియో, క్యారెట్టు, బీన్సు వేసిన ఉప్మాయో ఉదయమునకు చేరినచో, మిగిలినదానిని రెండు భోజనములు మోయగలవు. నచ్చని కూర ఆ పూట రెండు చెంచాలే వడ్డింపవలెను. తినకున్న మాటలాడక కంచము తీసివేయవలెను. వారము తిరుగకముందే మరియొక రూపమున మరల వడ్డింపవలెను. ఈ మూడు వాక్యములు పోషకాహార పుస్తకముల తరువాతి ముద్రణలలో ముద్రితమైనచో నాకు సంతోషము.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని ప్రయోగముగా చూపగోరినచో ఖర్చు స్వల్పము. ఒక కాకరకాయను కడిగి పలుచని చక్రములుగా కోసి మూడు భాగములు చేయవలెను. మొదటి భాగమునకు ఉప్పు పట్టించి అరగంట తరువాత పిండి, మంచినీట కడుగవలెను. మిగిలిన రెండు భాగములను అట్లే యుంచవలెను. మూడింటిని వేరువేరుగా ఒకే సమయము ఉడికించి, మూడవ భాగముపై మాత్రము తినుటకు ముందు చిటికెడు ఉప్పు చల్లవలెను. ఏది ఏదో చెప్పక విద్యార్థులచే ఒక్కొక్క ముక్క రుచి చూపించి, చేదునకు పదికి ఎన్ని మార్కులో వ్రాయింపవలెను. ఒక ముక్కకు, మరియొక ముక్కకు నడుమ నీటితో నోరు పుక్కిలింపవలెను. మొదటి భాగము చేదు రసముతో బయటికి పోయినదానిని తెలుపును, మూడవది నాలుకపై ఉప్పు చేయు పనిని తెలుపును. తినుటకు ఇష్టపడని విద్యార్థిని ఒత్తిడి చేయక, మార్కులు కూడు పనిని అతనికి అప్పగింపవచ్చును.