ఎంపిక ఎవరిది? – "బాండర్‌స్నాచ్" చిత్రం: ఒక పరిశీలన

ప్రేక్షకుడు కథను చూసేవాడు మాత్రమే కాదు, నడిపేవాడు కూడా అవుతాడన్నది ఇంటరాక్టివ్ చిత్రాలు చేసిన వాగ్దానం. ఆ వాగ్దానంలో సత్యమెంతో పరిశీలించడానికి నెట్‌ఫ్లిక్స్ 2018 డిసెంబరు 28న విడుదల చేసిన "బ్లాక్ మిర్రర్: బాండర్‌స్నాచ్" తగిన ఉదాహరణ. రచన చార్లీ బ్రూకర్, దర్శకత్వం డేవిడ్ స్లేడ్.

1984లో స్టెఫాన్ అనే యువకుడు ఒక నవలను కంప్యూటర్ ఆటగా మలచడానికి పూనుకుంటాడు. ఉదయం ఏమి తినాలన్నది మొదలుకొని అతని నిర్ణయాలు కొన్నింటిని మన చేతిలో పెడతారు. గడువు 10 సెకన్లు. మనం ఊరకున్నా కథ ఏదో ఒక దారి పడుతుంది. ఆటల కంపెనీ ఇవ్వజూపిన అవకాశాన్ని స్టెఫాన్ చేత ఒప్పిస్తే అతని ఆట విఫలమవుతుంది. అప్పుడు కథ మనలను వెనుకకు తీసుకుపోయి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతుంది. రచయిత కోరిన జవాబు వచ్చేవరకు అడిగేదానిని ఎంపిక అనగలమా?

ఈ సమస్య కొత్తది కాదు. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వారు రదూజ్ చిన్‌చేరా రూపొందించిన "కినోఆటోమాట్"ను చూపించారు. చిత్రాన్ని మధ్యమధ్య ఆపి, ప్రేక్షకుల చేత మీటలు నొక్కించి ఓటు తీసుకునేవారు. ఎటు ఓటు వేసినా చివరకు ఇల్లు తగలబడక తప్పదు. అయితే ఒక భేదం గమనార్హం. అక్కడ నిర్ణయం హాలులో ఉన్న అందరిదీ. నేడు రిమోట్ పట్టుకున్న ప్రేక్షకుడు ఒంటరివాడు.

తనను ఎవరో నడిపిస్తున్నారని స్టెఫాన్ అనుమానించే ఘట్టాలు ఈ చిత్రానికి ప్రాణం. తాను అనుసరించిన పద్ధతినే ప్రశ్నించుకునే నిజాయితీ అందులో ఉంది. లోపం మరొక చోట ఉంది. తండ్రి హత్య వంటి ఘోరానికి మన చేత మీట నొక్కించి, దోషంలో మనకు భాగం పంచి, కలాన్ని మాత్రం రచయిత తన వద్దనే ఉంచుకున్నాడు. అధికారం లేనివానిపై బాధ్యత మోపడం న్యాయం కాదు.

తెర వెలుపల సంగతి ఇంకా ముఖ్యమైనది. పరిశోధకుడు మైఖేల్ వీల్ యూరపు సమాచార రక్షణ చట్టం ప్రకారం అడగగా, ఈ చిత్రంలో ఆయన చేసిన ఎంపికలను నెట్‌ఫ్లిక్స్ భద్రపరచిందని 2019లో వెల్లడైంది. 2025 మే నెలలో ఆ సంస్థ ఈ చిత్రాన్నే తన సేవ నుండి తొలగించింది. క్యాసెట్టు కొన్నవాడు దానిని బీరువాలో దాచుకోగలిగాడు. చందా కట్టిన ప్రేక్షకుడికి కథలో దారులు చూపారు గాని, ఆ కథ ఉండాలా పోవాలా అన్నది అతనిని ఎవరూ అడగలేదు. కాబట్టి ఇటువంటి చిత్రాలను విమర్శించేటప్పుడు ఎన్ని దారులు ఉన్నాయని లెక్కించడం చాలదు. ఆ దారులు వేసినదెవరు, మూసే అధికారం ఎవరిది అని కూడా అడగవలసి ఉంటుంది.