పారేసే కాయిలా, చుట్టుకునే కాయిలా?

పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో పాత ఎలక్ట్రికల్ కొట్టుకెళ్లి హీటరు కాయిల్ అడిగితే అవతలి నుంచి వచ్చే మాట ఒకటే: "వెయ్యా, రెండు వేలా?" అడిగేది ధర గురించి కాదు, వాట్ల గురించి. చెప్పగానే చుట్లు చుట్టిన నైక్రోమ్ తీగను కాయితంలో పెట్టి ఇస్తారు. ఇంటికి తెచ్చి, రెండు కొసలూ పట్టుకుని సాగదీసి, మట్టిప్లేటు గాడిలో కూర్చోబెట్టి స్క్రూలు బిగిస్తే ఆరిపోయిన కరెంటు పొయ్యి మళ్లీ ఎర్రబడుతుంది. పనితనమంతా ఆ సాగదీయడంలోనే ఉంది. చుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడితే, దగ్గరైన చోట వేడి పోగుపడి తీగ అక్కడే తెగుతుంది. ఇది నేను మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న పని. శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి వచ్చి జంగ్లీఘాట్‌లో కాపురం పెట్టిన మా ఇళ్లలో ఇలాంటి వాటికి మిస్త్రీని పిలవడం అనే ఆలోచనే ఉండేది కాదు. పంపు స్టవ్వుకు వాషరు మార్చాలన్నా, వత్తుల స్టవ్వుకు కొత్త వత్తులు ఎక్కించాలన్నా, ఎవరింట్లో వాళ్లే.

మా మేనల్లుడు సరుకు ఓడల మీద పనిచేస్తాడు. ఈమధ్య సెలవుకు వచ్చినప్పుడు ఫోన్లో రెండు ఈ-సిగరెట్ల ఫోటోలు చూపించాడు. ఒకటి రంగురంగుల ప్లాస్టిక్ గొట్టం. రెండోది స్టీలు డబ్బాలాంటిది, మూత తీస్తే లోపల రెండు చిన్న స్తంభాలు, వాటి మధ్య తీగచుట్ట. ఓడ మీద తోటివాళ్ల దగ్గర చూశాడట. "మావయ్యా, ఇదేమో అయిపోతే పారేయడమే. అదేమో కాయిల్ మనమే చుట్టుకోవాలి, వత్తి మనమే పెట్టుకోవాలి. నీకైతే ఏది నచ్చుద్ది?" అన్నాడు. ఎవర్ని ఏమడగాలో వాడికి బాగా తెలుసు. కాయిల్ అన్నాక నేను కళ్లజోడు వెతుక్కోకుండా ఉండగలనా!

ముందుగా చట్టం సంగతి చెప్పి ఆ ముచ్చట అక్కడితో ముగించాను. మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరు కల్లా దాన్ని చట్టం చేశారు. ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏ పేరుతో ఏ ఆకారంలో ఉన్నా వదలకుండా నిర్వచనం రాశారు. కాబట్టి పారేసేదా, బాగు చేసుకునేదా అన్న తేడా ఆ చట్టానికి లేదు. "తేలేదు మావయ్యా, చూశానంతే" అన్నాడు. సరే అన్నాను.

అయినా ప్రశ్న మాత్రం మంచిది. ఎందుకంటే ఆ రెండో ఫోటోలో ఉన్నది నేను ఎరిగిన సరంజామాయే. పైన కాయిల్, మధ్యలో దూది వత్తి, కింద ద్రవం, అడుగున బ్యాటరీ. కరెంటు వెళ్తే తీగ వేడెక్కుతుంది, వత్తి పీల్చిన ద్రవం ఆవిరవుతుంది. వత్తుల స్టవ్వునీ కరెంటు పొయ్యినీ కలిపి బొటనవేలంత చేస్తే అదే. మన హీటర్లలో తీగ నైక్రోమ్. నికెల్, క్రోమియం కలిసిన ఆ లోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఇంటింటా టోస్టరు, ఇస్త్రీపెట్టె సాధ్యమైంది దాని వల్లే. ఈ చిన్న డబ్బాల్లో ఎక్కువగా వాడేది కాంథాల్. స్వీడన్‌లో పుట్టిన ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమం.

చుట్టే పద్ధతి మా వాడు వర్ణిస్తుంటే వినాలి. మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరేడు చుట్లు తిప్పి, కొసల్ని స్తంభాలకు బిగించి, కొద్దికొద్దిగా కరెంటు ఇస్తూ చూస్తారట. తీగ మధ్యలో మొదలై అంచులకు సమంగా ఎర్రబడాలి. ఎక్కడో ఒక చుట్టు ముందే మండిపోతుంటే పింగాణీ మొనల పట్టకారుతో నొక్కి సరిచేయాలి. మా నాన్న సాగదీయడంలో చూపిన శ్రద్ధ ఇదే కదా అనిపించింది. తర్వాత దూది. బిగించి దూరిస్తే ద్రవం పైకి ఎక్కదు, ఎండిన దూది మాడి గొంతు మండుతుంది. వదులుగా పెడితే అడుగు నుంచి కారుతుంది. వత్తుల స్టవ్వు గొట్టంలో లావు వత్తి కూరితే కిరసనాయిలు ఎక్కక కొస బొగ్గైపోవడం చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

లెక్క మాత్రం రెండింటికీ ఒకటి కాదు, తేడా పెద్దది. వెయ్యి వాట్ల హీటరు కాయిల్ నిరోధం సుమారు 53 ఓములు. 230 వోల్టుల మీద నాలుగున్నర యాంపియర్ల లోపే తీసుకుంటుంది. తెగిన కాయిల్‌ను రెండు కొసలూ మెలేసి మళ్లీ వాడతాం చూడండి, పదో వంతు పొడవు తగ్గితే నిరోధం పదో వంతు తగ్గి, వాట్లు పదకొండు శాతం పెరుగుతాయి. అన్నం కాస్త తొందరగా ఉడుకుతుంది, కాయిల్ కాస్త తొందరగా పోతుంది, అంతే. ఆ చిన్న డబ్బాలో కాయిల్ నిరోధం అర ఓము దగ్గర ఉంటుంది. నిండుగా ఛార్జయిన 4.2 వోల్టుల లిథియం సెల్ మీద అది ఎనిమిదిన్నర యాంపియర్ల దాకా లాగుతుంది. చుట్టడంలో పొరబడి 0.1 ఓముకు దించారంటే 42 యాంపియర్లు. చాలా సెల్లుల తాహతు 20 నుంచి 30 యాంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. అడ్డుకునే సర్క్యూటు లేని సాదా గొట్టమైతే ఆ సెల్ చేతిలోనే పేలొచ్చు. బాగు చేసుకునే వస్తువు బాగు చేసేవాడికి ఓము సూత్రం తెలుసనుకుంటుంది. మట్టిప్లేటు పొయ్యి అంత నమ్మకం పెట్టుకోదు, ఫ్యూజు కాల్చుకుని ఊరుకుంటుంది.

ఇక పారేసేది. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, లోపల నేర్చుకోవడానికి ఏమీ ఉంచలేదు కాబట్టి. అన్నీ అతికించేసి ఉంటాయి. కోపం తెప్పించే విషయం ఒక్కటే: అందులో ఉండేది చాలాసార్లు మళ్లీ ఛార్జి చేయగల లిథియం సెల్లే. వందల సార్లు నింపి వాడగల దాన్ని ఒక్కసారికి వాడి చెత్తలో వేస్తారు. బ్రిటన్‌లో 2023 నాటికి వారానికి దాదాపు 50 లక్షల ఇలాంటి గొట్టాలు పారేస్తున్నారని అక్కడి మెటీరియల్ ఫోకస్ సంస్థ లెక్కగట్టింది. బెల్జియం 2025 జనవరి 1 నుంచి, బ్రిటన్ జూన్ 1 నుంచి వాటి అమ్మకాన్ని ఆపేశాయి. ఆపాక కంపెనీలేం చేశాయి? అదే గొట్టానికి ఛార్జింగు రంధ్రమొకటి పెట్టి, ద్రవం మార్చుకునే గూడొకటి తగిలించి, దాదాపు అదే ధరకు అమ్ముతున్నాయి. కొన్నవాళ్లలో ఎంతమంది నింపుకుంటారో, ఎంతమంది పారేస్తారో ఊహించడం కష్టం కాదు. ఈ రెండింటికీ మధ్య ఇంకో రకం ఉందట. ఫ్యాక్టరీలో చుట్టిన కాయిలే వస్తుంది, మాడగానే ఆ తల మాత్రం మార్చాలి. ఎక్కువమంది వాడేది అదేనని మావాడన్నాడు. నాకది నచ్చలేదు. డబ్బా ఉంచుకున్నామన్న తృప్తి తప్ప చేతికి పని లేదు, చెత్తా తగ్గదు.

దీవుల్లో ఉండేవాళ్లకు చెత్త గురించి మెయిన్‌లాండ్ వాళ్లకన్నా కాస్త ముందే తెలుస్తుంది. ఇక్కడికి సరుకంతా ఓడలోనే వస్తుంది. విశాఖపట్నం నుంచి రెండు రోజులకు పైనే ప్రయాణం. వచ్చినవి వచ్చినట్టే ఉండిపోతాయి. పోర్ట్ బ్లెయిర్ చెత్త (ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, అలవాటు కావడంలేదు) చేరేది బ్రూక్షాబాద్ యార్డుకే. అది కాక, గ్రేట్ నికోబార్ దాకా ఇండోనేషియా, మలేషియా, థాయ్‌లాండ్ సీసాలు అలలతో కొట్టుకొస్తుంటాయి. ఆ రాశిలో నలిగిన లిథియం సెల్ ఒక్కటి పడితే మంట లేవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం సెల్ అమ్మిన కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలి. కానీ నిషేధించిన సరుకుకు కాయితం మీద కంపెనీ అంటూ ఉండదు. దొంగచాటుగా వచ్చిన గొట్టం పాడైతే దాన్ని వెనక్కి అడగడానికి ఎవరి తలుపు తట్టాలి? నిషేధం వద్దని కాదు నా వాదం. నిషేధం సరుకును తగ్గిస్తుంది. దాన్ని దాటుకుని వచ్చిన కొద్దిపాటికీ దిక్కు లేకుండా చేస్తుంది. ఈ రెండో సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ లెక్కన చూస్తే చుట్టుకునే కాయిలే నెగ్గాలి. ఒక డబ్బా ఏళ్ల తరబడి, మూరెడు తీగ, గుప్పెడు దూది. మావాడూ ఆ జవాబు కోసమే చూశాడు. నేను మా నాయనమ్మ గురించి చెప్పాను.

ఆమె అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. ఉత్తరాంధ్ర తీరంలో పాతతరం ఆడవాళ్లకు మామూలు సంగతి. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి దొరుకుతాయి. పొగాకు తనే ఏరుకుని తెచ్చుకునేది. ఆకు ఈనె తీసి, తడి చేసి, లోపల ముక్కలు సర్ది, పై ఆకు ఏటవాలుగా తిప్పుతూ చుట్టడం చూస్తే ముచ్చటేసేది. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే నోట్లోనే విడిపోతుంది. కొట్లో కొన్న చుట్ట ఆమెకు రుచించేది కాదు. చేత్తో చేసుకున్నదాని మీద ఉన్న నమ్మకం అది. ఆ అలవాటు మీద ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. అంగిట్లో వచ్చే మచ్చలూ పుళ్లూ ఈ అలవాటుతో ఎలా ముడిపడ్డాయో అది వైద్యలోకానికి వివరంగా చెప్పింది. చక్కగా చుట్టిన చుట్టకూ చక్కగా లేని చుట్టకూ అంగిలి దగ్గర తేడా లేదు.

దూది సరిగ్గా పెట్టిన కాయిల్‌కు ఈ మాట పూర్తిగా వర్తించదని మావాడు వాదించాడు. మాడని వత్తి నుంచి ఆల్డిహైడ్లు తక్కువ వస్తాయి, అది నిజమే. పొగాకు కాల్చడం కన్నా ఆవిరి పీల్చడంలో విషాలు తక్కువన్నది బ్రిటన్ వైద్యుల మాట కూడా, దాన్నీ కాదనను. కానీ నికోటిన్ నికోటినే. సిగరెట్ ముట్టని కుర్రాడు కాయిల్ చుట్టడం సరదాగా ఉందని మొదలుపెడితే, చేతిపని అతణ్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పారేసే గొట్టం కన్నా చుట్టుకునేది వదలడం కష్టమని నా అనుమానం. కొత్త తీగ, కొత్త దూది, కొత్త చుట్లు, ప్రతి వారం ఏదో ఒకటి మెరుగుపరచాల్సి ఉంటుంది. నాకు పంపు స్టవ్వుతో అదే జరిగింది. వంటగదిలో గ్యాసు వచ్చాక కూడా చాలాకాలం దాన్ని విప్పి బిగిస్తూనే ఉన్నాను. స్టవ్వు కాబట్టి ఎవరికీ నష్టం లేదు, మా ఆవిడ ఓపికకు తప్ప.

మా మేనల్లుడికి నేనిచ్చిన తీర్పు ఇదీ: పనితనం లెక్కలో చుట్టుకునేది గొప్పది, చెత్త లెక్కలో కూడా. ఊపిరితిత్తుల లెక్కలో రెండూ వద్దు. చేతులు ఊరుకోకపోతే మా ఇంట్లో మిక్సీ ఒకటి, ఆర్మేచరు కాలిపోయింది, దానికి తీగ చుట్టాలి. వలలు అల్లేవాళ్లు జంగ్లీఘాట్‌లో ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గర కూర్చుంటే నేర్పుతారు. వాడు మిక్సీ ఎంచుకున్నాడు.

ఓడల మీద తిరిగే మన పిల్లలకు ఒక్క మాట. అలాంటి గొట్టం చేతికి వచ్చి ఉంటే అక్కడే వదిలిరండి. ఇక్కడే మీ దగ్గర పాత లిథియం సెల్లుంటే, రెండు కొసలకూ టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి, మామూలు చెత్తబుట్టలో మాత్రం వేయకండి. పొగాకైనా ఆవిరైనా మానాలనుకుంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.