అడుగుల లెక్క, మరవ కబురు

గోదావరి వరదకు భద్రాచలంలో అంకెలున్నాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇలాంటి అంకెలు జనం నోట వినపడవు. చెరువు మరవ (అలుగు) పారిందంటే కింది వంకకు నీళ్లొస్తాయని పెద్దవాళ్ల లెక్క. ఏది నమ్మదగింది?

గోదావరి చెప్పి వస్తుంది. ఎగువన వాన పడ్డాక సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. 2022 జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. కబురు ముందే అందినా కూనవరం, వీఆర్‌పురం వైపు కోయలు, కొండరెడ్లు ఎందరో గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. దీన్ని మొండితనం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మేకలను, కోళ్లను, ఏడాది గింజలను నీళ్లకు వదిలి శిబిరానికి రమ్మంటే ఎవరొస్తారు? పైగా ఆ అంకె భద్రాచలం గట్టుది. దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు పోయే దారిలేక వెనక్కి ఎగదన్ని ఊళ్లమీద పడతాయి. భద్రాచలంలో 53 అంటే అక్కడి గూడెంలో ఏ చింతచెట్టు దాకా? ఆ జవాబు లేని హెచ్చరిక సగం కబురే.

మా వైపు ఆ సగం కూడా లేదు. కరువుసీమ అన్న పేరుండేసరికి వరద ఊసు ఎవరికీ పట్టలేదు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి ఉధృతికి ఒక కారు చిక్కుకుంది. కాపాడబోయిన జేసీబీ కూడా నీళ్ల మధ్యే ఆగిపోయింది. చివరికి పదిమందిని వాయుసేన హెలికాప్టర్ గట్టు చేర్చింది. వాళ్లు బతికారు, అంతకన్నా ఏం కావాలి? కానీ ప్రతి వంకకూ హెలికాప్టర్ రాదు. సుగాలి తండాల్లో ఇంట్లోకి చుక్క రాకపోయినా, వంక పారితే నిండు గర్భిణికి ఆస్పత్రి దారి తెగిపోతుంది. ధర్మవరంలో గుంత మగ్గం ముందు కూర్చున్న నేతగాడి కాళ్లు నేలకన్నా కిందే ఉంటాయి. వీధి నీళ్లు గడప దాటితే ముందు నిండేది ఆ గుంతే. జానెడు నీళ్లకే పట్టు పడుగు తడుస్తుంది. అతనికి అదే మూడో హెచ్చరిక.

నా మటుకు మరవ కబురే మనిషికి దగ్గరిది. అది చూసి చెప్పే నీరుగట్టి లేకపోతే ఆ కబురూ లేదు. గోదావరి దగ్గర మాత్రం ఒక మంచి పద్ధతి ఉంది. వానలు ముదరకముందే లోపలి గూడేలకు రేషన్ చేరుస్తారు. మా ముసురు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. ఈసారి ఆగస్టులోనే వంక అవతలి తండాలకు బియ్యం, మందులు చేర్చండి. నెలలు నిండుతున్న ఆడవాళ్ల పేర్లు రాసుకోండి. మరవ దగ్గర ఫోనున్న ఒక మనిషిని కూలి ఇచ్చి కూర్చోబెట్టండి.