కత్తి లేని రాయలు

ఎగువ తిరుపతిలో మహాద్వారం దాటగానే కుడివైపున ప్రతిమా మంటపం ఉంది. వెనకవాళ్లు తోస్తుంటారు, మనసేమో అప్పటికే బంగారు వాకిలి దగ్గరుంటుంది. అక్కడ చేతులు జోడించి నిలబడ్డ ముగ్గురిని చాలామంది చూడకుండానే సాగిపోతారు. మధ్యన శ్రీకృష్ణదేవరాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి కనుక ఎవరోనన్న సందేహం లేదు.

ఇవి పోత విగ్రహాలు కావు. లోహపు రేకును సుత్తితో కొట్టి, ఉబ్బెత్తు తెచ్చి చేసినవి. పోత చెడితే కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. రేకు పనిలో ఒక్క దెబ్బ ఎక్కువైతే చిట్లుతుంది. ఆ భయం ఈ బొమ్మల్లో ఎక్కడా కనబడదు. నిటారు కుళ్లాయి, చొక్కా లేని ఛాతీ మీద హారాలు, పంచె మీద నేత పువ్వులు అన్నీ తొణక్కుండా కుదిరాయి. ముఖంలో గర్వం లేదు, అతి వినయమూ లేదు. 1520 ప్రాంతంలో రాయలను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆయన మధ్యస్థపు ఎత్తువాడనీ, కొంచెం లావనీ, ముఖాన మశూచి మచ్చలున్నాయనీ రాశాడు. శిల్పి ఆ మచ్చలు దిద్దేశాడు, నడుము సన్నబరిచాడు. అన్నిటికన్నా పెద్ద దిద్దుబాటు, కత్తి తీసేయడం.

ఎందుకంటే ఈ రాజు కొండకొచ్చిన దారులు యుద్ధాల దారులే. ఏడాదిన్నర ముట్టడి తర్వాత ఉదయగిరి లొంగింది. 1514 జూలైలో తిరుమల వచ్చి 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. కళింగ దండయాత్ర ముగించుకొని 1517 జనవరిలో వచ్చి, విమానానికి బంగారు పూత కోసం మరో 30,000 వరహాలిచ్చాడు.

అసలు ఈ యుద్ధాలెందుకు? మరో పోర్చుగీసువాడు నూనిజ్ చెప్పిన కథ చంద్రగిరిలోనే మొదలవుతుంది. అక్కడినుంచి ఎదిగి విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుడు ఉదయగిరి, కొండవీడు, రాయచూరు కోటలు తన చేతికి చిక్కలేదని చనిపోతూ చెప్పాడట. మొదటి రెండూ కళింగ రాజు గజపతివి. రాయచూరు యుద్ధానికి సాకు వేరు: గుర్రాలు కొనమని ఇచ్చిన సొమ్ముతో ఒక వర్తకుడు బీజాపూరు సుల్తాను దగ్గరికి పారిపోయాడు. పూర్వ రాజు కోరిక, గుర్రాల బాకీ, దేవుడి పేరు. వీటిలో ఏది కారణమో, ఏది సాకో విడదీయడం కష్టం. యుద్ధాలకు దేవుడి పేరు తోడవడం ఇక్కడే కాదు: 1845లో ఒక అమెరికన్ పత్రికా రచయిత, ఖండమంతా పరుచుకోవడం తమకు దైవం రాసిపెట్టిందేనని రాశాడు. మరుసటేడే మెక్సికోతో యుద్ధం మొదలైంది. రాయలు మాత్రం గజపతి కూతుర్ని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను మామకే తిరిగిచ్చాడు. ఆయన కోరింది భూమా, పేరా అని నాకిప్పటికీ అనుమానమే.

గుడి గోడల మీది శాసనాలు ఆ దండయాత్రల, కానుకల లెక్కలు దాచకుండా చెబుతాయి. శిల్పి మాత్రం ఒక్క క్షణాన్నే పట్టుకున్నాడు. గెలిచినవాడు ఎవరి ముందు తగ్గాడో చూపడమే ఆ పని. ముఖస్తుతి కాదనను. రాజు సొమ్ముతో చేసిన బొమ్మ మరి! అదే మంటపంలో వెంకటపతిరాయలూ ఉన్నాడు. పెనుకొండ విడిచి చంద్రగిరికి చేరి, చిక్కిపోతున్న రాజ్యాన్ని కాచుకున్న రాజు ఆయన. ఆయన చేతులూ అలాగే జోడించి ఉన్నాయి.