మంచం బిగువు

ఏ వెంచర్ కరపత్రం తిరగేసినా ‘అమెనిటీస్’ అని ఒక పేజీ ఉంటుంది. క్లబ్ హౌస్, జిమ్, సీసీ కెమెరాలు. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉంది, హాయిగొలిపేదని అర్థం. ఆ భాష కవులకు హాయైన చోటంటే చెట్టునీడ, పచ్చిక, పక్కన పారే నీళ్లు. ఇంగ్లీషువాళ్లూ మొదట్లో చోటులోని ఆహ్లాదానికే వాడారు. మనిషి మర్యాదకూ అదే మాట. ఇప్పుడది లెక్కపెట్టి అమ్మే సరుకు.

దంతాలపల్లి దిక్కు ఊళ్లలో ఆ పాత అర్థానికి సరితూగేది, నన్నడిగితే, యాపచెట్టు కింద నులకమంచం. అదీ అందరికీ ఒక్కతీరుగా దక్కలేదు. దొరల కాలంలో, దొర అటుగా వస్తుంటే తన వాకిట్లో తన మంచం మీదున్న మనిషైనా లేచి నిలబడాల్సిందే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన తెలంగాణ రైతుల పోరును మనం భూమి, వెట్టి లెక్కల్లోనే చెప్పుకుంటాం. ఎవరొచ్చినా లేవకుండా కూర్చోగలగడం కూడా ఆ పోరు నడిపిన సంఘం తెచ్చిపెట్టిందే. దాన్ని చిన్న విషయమంటే నేనొప్పుకోను.

ఇక మంచం సంగతి. తలాపు నుంచి అల్లుకుంటూ వచ్చి కాళ్ల దిక్కు కొంత జాగా వదిలేస్తారు. అక్కడ వేరే తాడుతో అల్లికను పట్టెకు గుంజి కడతారు. ఎంత గట్టిగా అల్లినా కొన్నాళ్లకు నడుమ గుంట పడుతుంది. అప్పుడు నులక జోలికి పోనక్కర్లేదు, ఆ తాడు బిగిస్తే చాలు. మా నాయన పట్టెకు కాలు తన్నిపెట్టి వరస వెంట వరస గుంజేవాడు. నేను గుంజిన వరసను వేలితో మీటి, “మళ్ల తియ్యిరా” అనేవాడు. బిగువు ఒకే తీరుగా లేకపోతే మంచం వంకరపోయి ఒక కోడు గాల్లోకి లేస్తుంది. పడుకున్నవాడు పక్కకు తిరిగినప్పుడల్లా టకటకమంటుంది.

హాయి అన్నాను గానీ, నల్లులు పడ్డాయో నరకమే. పట్టె సందుల్లో మసిలే నీళ్లు పోసి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాలి. ఇప్పుడందరూ నైలాన్ తాడుకు మళ్లారు. వానకు చీకిపోదు. కానీ ముడి జారుతుంది, ఎండాకాలం వీపు చుర్రుమంటుంది. నా ఓటు జనుపనారకే, అల్లే మనిషి దొరికితే.